కుక్కల టీకాలపై ఇతర మందుల ప్రభావం

ఒక మందు వాడుతున్న కుక్కకు అదే రోజుల్లో టీకా వేస్తే పడుతుందా, పడదా అన్నది పశువైద్యశాలల్లో రోజూ వినిపించే ప్రశ్న. చర్మం దురదకు స్టెరాయిడ్, పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి డాక్సీసైక్లిన్, కడుపులో పురుగులకు పైరాంటెల్, కుంటుతుంటే మెలాక్సికామ్ వాడడం మామూలే. టీకా తేదీ నాటికి చాలా కుక్కలు ఇలాంటి ఏదో ఒక మందు మీద ఉంటాయి. వీటిలో ఎక్కువ మందులు టీకా ఫలితాన్ని దెబ్బతీయవు. రోగనిరోధక వ్యవస్థ మీద నేరుగా పనిచేసే కొద్దిపాటి మందులు మాత్రం దెబ్బతీయగలవు. ఆ నష్టం ఎంతన్నది మందు మోతాదు, వాడిన కాలం, టీకా రకం, కుక్కకు అది తొలి టీకానా బూస్టరా అన్న నాలుగు విషయాల మీద ఆధారపడి ఉంటుంది.

టీకాల రకాలు, వేళలు

ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం (డబ్ల్యూఎస్‌ఏవీఏ) డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ టీకాలను ప్రతి కుక్కకూ తప్పనిసరిగా వేయాలని చెబుతోంది. రేబిస్ ఉన్న దేశాల్లో రేబిస్ టీకాను కూడా ఈ జాబితాలో చేర్చింది. లెప్టోస్పైరోసిస్ పాతుకుపోయిన ప్రాంతాల్లో దాని టీకాను కూడా తప్పనిసరిగానే చూడాలని 2024 నాటి మార్గదర్శకాల్లో పేర్కొంది. మన దగ్గర ‘సెవెన్ ఇన్ వన్’, ‘నైన్ ఇన్ వన్’ అని పిలిచే కలగలుపు టీకాల్లో రేబిస్ మినహా తక్కిన ముఖ్య వ్యాధులన్నీ ఉంటాయి. పిల్లలకు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాల ఎడంతో, కనీసం 16 వారాలు నిండేవరకు వరుసగా వేయాలి. ఆ తర్వాత ఆరు నెలల వయసులోనో ఏడాదికో మరో మోతాదు ఇవ్వాలి.

ఈ టీకాలు రెండు రకాలు. డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ టీకాల్లో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది. అది ఒంట్లో కొన్నాళ్లు వృద్ధి చెందితేనే రక్షణ పుడుతుంది. రేబిస్, లెప్టోస్పైరా టీకాల్లో చంపేసిన సూక్ష్మజీవులు ఉంటాయి. ఇవి ఒంట్లో పెరగవు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థను జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి 1982లో నెలకొల్పింది. ఆ సంస్థ తయారుచేసే ‘రక్షారాబ్’ రెండో రకానికి చెందిన రేబిస్ టీకాయే. మందుల ప్రభావాన్ని అంచనా వేయాలంటే ముందు టీకా ఈ రెండు రకాల్లో ఏదో చూసుకోవాలి.

మందు అడ్డుపడే మార్గాలు

టీకాలోని పదార్థాన్ని డెండ్రైటిక్ కణాలు పట్టుకుని దగ్గరి లింఫు గ్రంథికి చేరుస్తాయి. అక్కడ సహాయక టి కణాలు మేల్కొని బి కణాలకు సంకేతాలు పంపుతాయి. బి కణాల్లో కొన్ని యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాలుగా మారతాయి, మరికొన్ని ఏళ్ల తరబడి నిలిచే జ్ఞాపక కణాలు అవుతాయి. ఈ పని పూర్తవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మందు అడ్డు తగిలేది ఈ వారాల్లోనే.

అడ్డు తగలడం మూడు విధాలుగా జరుగుతుంది. మొదటిది, మందు టి కణాలనో బి కణాలనో అణచివేయడం వల్ల యాంటీబాడీలు చాలినన్ని పుట్టకపోవడం. రెండోది, రోగనిరోధక శక్తి బాగా పడిపోయిన కుక్కలో సజీవ టీకా వైరస్ అదుపు తప్పి తానే జబ్బు కలిగించడం. ఇది అరుదు, కానీ డిస్టెంపర్ సజీవ టీకా విషయంలో మెదడు వాపు దాకా వెళ్లిన సందర్భాలు నమోదయ్యాయి. మూడోది, టీకాలోని సూక్ష్మజీవి పని మొదలుపెట్టకముందే మందు దాన్ని చంపేయడం లేదా పనికిరాకుండా చేయడం.

తొలి టీకాలు వేయించుకుంటున్న పిల్లలో ఈ ప్రక్రియ మొదటి నుంచీ సాగాలి. ఏటా బూస్టర్లు పడిన పెద్ద కుక్కలో జ్ఞాపక కణాలు ముందే సిద్ధంగా ఉంటాయి. అందుకే ఒకే మందు, ఒకే మోతాదు అయినా నాలుగు నెలల పిల్లలో ఆందోళన కలిగించవచ్చు, ఆరేళ్ల కుక్కలో లెక్కలోకి రాకపోవచ్చు.

కార్టికోస్టెరాయిడ్లు

టీకాల విషయంలో జనాన్ని ఎక్కువగా భయపెట్టేవి ఇవే. ప్రెడ్నిసొలోన్ మాత్రలు, డెక్సామెథాసోన్ ఇంజెక్షన్, ఒకసారి వేస్తే వారాల పాటు పనిచేసే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అసిటేట్ ఈ కోవలోనివి. ఇవి వాపును పుట్టించే సైటోకైన్ల తయారీని తగ్గిస్తాయి, రక్తంలో తిరిగే లింఫోసైట్ల సంఖ్యను తగ్గిస్తాయి. రోజుకు కిలో బరువుకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము వరకు ప్రెడ్నిసొలోన్ దురదను, వాపును తగ్గించే మోతాదు. 2 మిల్లీగ్రాములు, ఆపైన అయితే రోగనిరోధక శక్తిని అణచే మోతాదు. ఒంట్లోని ఎర్రకణాలను తన నిరోధక వ్యవస్థే నాశనం చేసుకునే రక్తహీనత లాంటి జబ్బుల్లో ఈ రెండో మోతాదు వాడతారు.

భయపడినంత నష్టం మాత్రం ప్రయోగాల్లో కనిపించలేదు. 1979లో అమెరికాలో బీగిల్ జాతి కుక్కపిల్లలకు ప్రెడ్నిసొలోన్ ఇస్తూనే డిస్టెంపర్ టీకా వేసి చూశారు. ప్రయోగశాల పరీక్షల్లో వాటి లింఫోసైట్ల చురుకుదనం తగ్గింది. అయినా, తర్వాత అసలు వైరస్‌ను ఎక్కించినప్పుడు ఆ పిల్లలు తట్టుకుని నిలిచాయి. స్టెరాయిడ్లు వాడుతున్నప్పుడు టీకా వేసినా యాంటీబాడీల తయారీ పెద్దగా తగ్గదనే డబ్ల్యూఎస్‌ఏవీఏ కూడా చెబుతోంది. అయితే పిల్లలకు తొలి వరస టీకాలు నడుస్తున్నప్పుడు స్టెరాయిడ్లు వాడాల్సి వస్తే, ఆ మందు ఆపిన రెండు వారాలకో ఇంకా తర్వాతో టీకాను మళ్లీ వేయాలని సూచిస్తోంది. ఈ జాగ్రత్త ఖర్చు లేనిది కాదు, కానీ పార్వో వచ్చిన పిల్లను సెలైన్ల మీద కాపాడుకోవడంతో పోలిస్తే చాలా చిన్నది.

టీకా వికటించి ముఖం వాచినప్పుడు ప్రాణరక్షణకు వేసే ఒకే ఒక్క స్టెరాయిడ్ ఇంజెక్షన్ టీకాను పాడుచేయదు. చెవిలో వేసే చుక్కలు, చిన్న పుండు మీద రాసే పూతలు కూడా అంతే. అడ్రినల్ గ్రంథులు పనిచేయని అడిసన్స్ జబ్బులో ఇచ్చే కొద్ది మోతాదు స్టెరాయిడ్ ఒంట్లో లోపించిన హార్మోనును భర్తీ చేస్తుందే తప్ప నిరోధక శక్తిని అణచదు. ఆలోచించాల్సింది వారాల తరబడి పెద్ద మోతాదులో వాడే మాత్రల గురించి, నెమ్మదిగా కరిగే డిపో ఇంజెక్షన్ల గురించి. యజమానులు ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోవాలి. టీకా కోసమని చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలను సొంతంగా ఒక్కసారిగా ఆపేయకూడదు. ఒంట్లో సహజ కార్టిసాల్ తయారీ అప్పటికే మందగించి ఉంటుంది కాబట్టి కుక్క ప్రాణానికే ముప్పు రావచ్చు.

సైక్లోస్పోరిన్, అజాథయోప్రిన్

సైక్లోస్పోరిన్ కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును అడ్డుకుని, టి కణాలు వృద్ధి చెందడానికి కావలసిన ఇంటర్‌ల్యూకిన్-2 తయారీని ఆపుతుంది. అటోపీ అనే ఎలర్జీ చర్మవ్యాధికి కుక్కల్లో వాడేందుకు అమెరికా ఆహార ఔషధ సంస్థ (ఎఫ్‌డీఏ) 2003లో దీన్ని అనుమతించింది. ఈ మందు వాడుతున్నప్పుడు చంపేసిన టీకాలనే ఎంచుకోవాలని అక్కడి లేబుల్ చెబుతుంది. యూరప్ లేబుల్ ప్రకారం చికిత్స నడుస్తున్నప్పుడు, దానికి ముందూ వెనుకా రెండు వారాల వరకు సజీవ టీకాలు వేయకపోవడం మంచిది. అజాథయోప్రిన్, మైకోఫినోలేట్ మందులు లింఫోసైట్లు విభజన చెందడానికి అవసరమైన ప్యూరిన్ల తయారీని దెబ్బతీస్తాయి. ఇవి వాడే కుక్కల విషయంలోనూ వైద్యులు సజీవ టీకాలను వాయిదా వేస్తారు. తీవ్రమైన స్వీయ నిరోధక వ్యాధులకే ఈ మందులు ఇస్తారు కాబట్టి, ఆ జబ్బు అదుపులోకి వచ్చిందో లేదో చూసుకునే టీకా సంగతి నిర్ణయిస్తారు.

జానస్ కైనేజ్ నిరోధకాలు

దురద మందుల్లో గత పదేళ్లలో ఎక్కువ మార్పు తెచ్చినవి ఇవి. సైటోకైన్ల సంకేతాలను కణం లోపలికి చేర్చే జానస్ కైనేజ్ ఎంజైములను ఇవి అడ్డుకుంటాయి. దురద పుట్టించే ఇంటర్‌ల్యూకిన్-31 ఈ దారినే పనిచేస్తుంది. ఇబ్బందేమిటంటే, నిరోధక కణాలు పరస్పరం వాడుకునే ఇంకా చాలా సంకేతాలదీ ఇదే దారి.

మొదట వచ్చిన ఒక్లాసిటినిబ్, ‘అపోక్వెల్’ పేరుతో 2013లో అమెరికాలో అనుమతి పొందింది. అంతకుముందు ఒక్క టీకా కూడా పడని, 16 వారాల వయసున్న ఎనిమిది కుక్కపిల్లలకు దీన్ని మామూలు మోతాదుకు మూడింతలు, కిలోకు 1.8 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, 84 రోజుల పాటు ఇచ్చి టీకాలు వేశారు. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలకు చాలినన్ని యాంటీబాడీలు పుట్టాయి. పారాఇన్‌ఫ్లుయెంజా టీకాకు మాత్రం ఎనిమిదింటిలో ఆరే తగినంతగా స్పందించాయి. అదే ప్రయోగంలో ఒక పిల్ల జ్వరంతో, న్యుమోనియాతో నీరసించిపోయి, దానికి కారుణ్య మరణం ఇవ్వాల్సి వచ్చింది. టీకా యాంటీబాడీలు బాగానే పుట్టినా తక్కిన రోగనిరోధక శక్తి దెబ్బతినవచ్చని ఈ ప్రయోగం చూపింది. ఏడాది నిండని కుక్కలకు ఈ మందు వాడవద్దన్న నిబంధన ఇందుకు తగినదే.

2024లో అమెరికాలో అనుమతి పొందిన ఇలునోసిటినిబ్ విషయంలో జాగ్రత్త ఇంకా పెరిగింది. టీకాకు తగిన స్పందన రాకపోవచ్చని, సజీవ టీకా వల్ల జబ్బు రావచ్చని అప్పటి లేబుల్ మీద గడికట్టి హెచ్చరిక ముద్రించారు. టీకాకు కనీసం 28 రోజుల నుంచి మూడు నెలల ముందే మందు ఆపాలని, టీకా తర్వాత మరో 28 రోజులు ఇవ్వకూడదని అందులో ఉంది. ఒకే వర్గానికి చెందిన రెండు మందులకు ఇంత తేడా ఉంది. కాబట్టి వర్గం పేరు చూసి నిర్ణయించుకోకుండా, వాడుతున్న మందు లేబుల్‌నే చదవాలి.

మోనోక్లోనల్ యాంటీబాడీలు

లోకివెట్‌మాబ్ అనే ఇంజెక్షన్ ఇంటర్‌ల్యూకిన్-31 ఒక్కదాన్నే పట్టి బంధిస్తుంది. టి కణాల జోలికి, బి కణాల జోలికి పోదు. అందువల్ల టీకా స్పందన తగ్గదు. టీకా కూడా అదే రోజు వేయాల్సి వస్తే రెండింటినీ ఒకే చోట కాకుండా వేర్వేరు చోట్ల వేస్తారు. అటోపీతో బాధపడే కుక్కకు టీకాల కాలంలో దురద తగ్గించాలంటే ఇది మంచి దారి.

క్యాన్సర్ మందులు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పశువైద్యులు ఎక్కువగా చూసే కణితుల్లో కలయిక ద్వారా ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకునే జననాంగ కణితి (టీవీటీ) ఒకటి. వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాల పాటు విన్‌క్రిస్టిన్ రక్తనాళంలోకి ఇస్తే ఇది చాలా కుక్కల్లో పూర్తిగా కరిగిపోతుంది. చికిత్స కాలంలో ఎముక మజ్జ మందగించి తెల్లరక్తకణాలు తగ్గుతాయి కాబట్టి అప్పుడు సజీవ టీకాలు వేయరు. చికిత్స ముగిసి, రక్తపరీక్షలో కణాల సంఖ్య మామూలు స్థాయికి వచ్చాక వేస్తారు.

అంతకుముందే వేసిన టీకాల రక్షణ మాత్రం ఈ మందులతో తుడిచిపెట్టుకుపోదు. కణితులున్న కుక్కలకు కీమోథెరపీ ఇస్తూ డిస్టెంపర్, పార్వో, రేబిస్ యాంటీబాడీలను కొలిచిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. చికిత్స వల్ల ఆ స్థాయులు చెప్పుకోదగినంత పడిపోలేదని అందులో తేలింది. చిన్నప్పుడే టీకాలు పూర్తిచేయించడం వల్ల కలిగే మేలు ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

యాంటీబయాటిక్‌లు

వైరస్ టీకాల మీద యాంటీబయాటిక్‌లు పనిచేయవు. అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్, డాక్సీసైక్లిన్ వాడుతున్నా డిస్టెంపర్, పార్వో, రేబిస్ టీకాలు చెడవు. లెప్టోస్పైరా టీకాలోని బ్యాక్టీరియా అప్పటికే చచ్చి ఉంటుంది కాబట్టి దానికీ ఇబ్బంది లేదు. ఒక్క మినహాయింపు, కెన్నెల్ దగ్గుకు ముక్కులో వేసే బోర్డెటెల్లా టీకా. అందులో సజీవ బ్యాక్టీరియా ఉంటుంది. డాక్సీసైక్లిన్ లాంటి మందు దాన్ని చంపేస్తే టీకా వృథా అవుతుంది.

పిడుదుల ద్వారా సోకే ఎర్లీషియోసిస్‌కు సాధారణంగా 28 రోజుల పాటు డాక్సీసైక్లిన్ ఇస్తారు. ఇక్కడ అసలు సమస్య మందు కాదు, జబ్బు. జ్వరంతో, రక్తహీనతతో, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్న కుక్క టీకాకు సరిగా స్పందించకపోవచ్చు. పైగా టీకా తర్వాత వచ్చే జ్వరం ఏ కారణంతో వచ్చిందో తేల్చడమూ కష్టమవుతుంది. కుక్క తేరుకుని తిండి తింటూ, జ్వరం లేకుండా ఉంటే మందు కోర్సు మిగిలి ఉందన్న ఒక్క కారణంతో వైరస్ టీకాను ఆపనక్కర్లేదు.

పురుగుల మందులు, పిడుదుల మందులు

పైరాంటెల్, ఫెన్‌బెండజోల్, ప్రజిక్వాంటెల్ టీకాలకు అడ్డురావు. వీటి వల్ల టీకాకు మేలే జరుగుతుంది. కొంకి పురుగులు పట్టిన పిల్ల రక్తం కోల్పోయి నీరసించి ఉంటుంది. ముందు పురుగులు పడేటట్టు మందు వేసి, వారం తర్వాత టీకా వేయడం మన దగ్గర బాగా అలవాటైన పద్ధతి. పిల్లలకు రెండు వారాల వయసు నుంచే పురుగుల మందు మొదలుపెట్టాలి. అయితే పురుగుల మందు వేయించలేదన్న సాకుతో మూడు నెలల పిల్లకు టీకా వాయిదా వేయడం తప్పు. రెండూ ఒకే రోజు ఇచ్చినా నష్టం లేదు.

అఫాక్సోలనర్, ఫ్లూరలనర్, సారోలనర్ లాంటి పిడుదుల మాత్రలు పిడుదుల నాడీ కణాల్లోని క్లోరైడ్ మార్గాల మీద పనిచేస్తాయి. కుక్క రోగనిరోధక కణాలతో వీటికి పని లేదు, కాబట్టి టీకా రోజున ఇవ్వవచ్చు. లెవామిసోల్ లాంటి మందులను, మూలికా టానిక్కులను టీకాకు బలం చేకూరుస్తాయని వాడేవారున్నారు. టీకా మోతాదుకు, వేళకు ఇవి బదులు కావు.

నొప్పి మందులు, యాంటీహిస్టమిన్లు

మెలాక్సికామ్, కార్ప్రొఫెన్ మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గించి నొప్పిని, జ్వరాన్ని అదుపు చేస్తాయి. మనుషుల్లో పసిపిల్లలకు టీకా సమయంలో ముందుజాగ్రత్తగా పారాసిటమాల్ ఇస్తే కొన్ని టీకాల యాంటీబాడీలు కొంత తగ్గాయని 2009లో ఒక పెద్ద పరిశోధన చూపింది. కీళ్లనొప్పులకు మెలాక్సికామ్ వాడుతున్న ముసలి కుక్క టీకా కోసం మందు మానాల్సిన పని లేదు. ఏ నొప్పీ లేని పిల్లకు టీకా ముందు జ్వరం మాత్ర వేసే అలవాటు మాత్రం అనవసరం. ఇంట్లో మనుషులు వాడే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలను కుక్కకు సొంతంగా వేయడం కాలేయానికి, మూత్రపిండాలకు ప్రమాదకరం కూడా.

ఫెనిరమిన్ లాంటి యాంటీహిస్టమిన్లు హిస్టమిన్ గ్రాహకాలను మాత్రమే అడ్డుకుంటాయి. టీకాకు దద్దుర్లు వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు తర్వాతి టీకాకు ముందు ఈ ఇంజెక్షన్ వేయడం వల్ల టీకా శక్తి తగ్గదు.

మత్తుమందు, శస్త్రచికిత్స

ఆపరేషన్ రోజున టీకా వేయవచ్చా అన్న ప్రశ్నకు మన ప్రాంతంలో ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. వీధికుక్కల సంతాన నియంత్రణ కార్యక్రమంలో పట్టుకొచ్చిన కుక్కకు ఆపరేషన్, రేబిస్ టీకా ఒకే విడతలో జరుగుతాయి. జంతు జనన నియంత్రణ నియమాలు 2001లో వచ్చాయి, వాటి స్థానంలో 2023లో కొత్త నియమాలు వచ్చాయి. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లో ఈ పద్ధతే నడుస్తోంది. శస్త్రచికిత్స సమయంలో వేసిన డిస్టెంపర్ టీకాకు స్పందన తగ్గలేదని 1980లోనే ఒక అధ్యయనం చూపింది. వీధికుక్క రెండోసారి చేతికి చిక్కుతుందన్న భరోసా లేదు కాబట్టి, దొరికినప్పుడే టీకా వేసి వదలడం సరైన పని.

యాంటీబాడీ సీరమ్

పార్వో, డిస్టెంపర్ చికిత్సలో వాడే హైపర్‌ఇమ్యూన్ సీరమ్, ప్లాస్మా మార్పిడి ద్వారా కుక్కకు బయటి యాంటీబాడీలు అందుతాయి. అవి సజీవ టీకా వైరస్‌ను కూడా పట్టేస్తాయి. తల్లిపాల ద్వారా వచ్చిన యాంటీబాడీలు చేసేది కూడా ఇదే. పిల్లల్లో టీకా పడకపోవడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం మందులు కాదు, ఈ తల్లి యాంటీబాడీలే. అందుకే చివరి మోతాదు 16 వారాలు నిండాక పడేలా చూడాలని నిపుణులు పట్టుబడతారు.

యాంటీబాడీల కొలత, విదేశీ ప్రయాణం

టీకా పడిందో లేదో తేల్చుకోవడానికి రక్తపరీక్ష ఉంది. డిస్టెంపర్, పార్వో, అడినోవైరస్ యాంటీబాడీలను పిల్లల చివరి టీకా తర్వాత కనీసం నాలుగు వారాలకు చూస్తారు. రేబిస్‌కు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లను తగిన స్థాయిగా లెక్కిస్తారు.

కుక్కను వెంట తీసుకుని విదేశాలకు వెళ్లే తెలుగు కుటుంబాలకు ఈ అంకె చాలా ముఖ్యం. భారతదేశం నుంచి యూరోపియన్ యూనియన్‌కు తీసుకెళ్లాలంటే టీకా వేసిన 30 రోజుల తర్వాత తీసిన రక్తంలో ఆ స్థాయి ఉండాలి, ఆపైన మూడు నెలలు ఆగాలి. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి అమలుచేస్తున్న నిబంధనల్లో రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో భారత్ ఉంది. విదేశాల్లో టీకా పడిన కుక్కకు గుర్తింపు పొందిన ప్రయోగశాల నుంచి యాంటీబాడీ నివేదిక లేకపోతే 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచాల్సి వస్తుంది. ఇలాంటి ప్రయాణం ఉన్నప్పుడు పెద్ద మోతాదు స్టెరాయిడ్లు, సైక్లోస్పోరిన్, జానస్ కైనేజ్ నిరోధకాల సంగతి టీకాకు ముందే వైద్యుడికి చెప్పి వేళలు కుదుర్చుకోవాలి.

ఆచరణ

టీకా పుస్తకంలో టీకా పేరు, బ్యాచ్ సంఖ్యతో పాటు ఆ నెలలో వాడిన మందులనూ రాసుకుంటే సందేహాలు చాలావరకు తీరిపోతాయి. స్టెరాయిడ్ వేశారా, వేస్తే ఏ రకం, ఎన్నాళ్లు పనిచేస్తుంది అని అడగడం యజమాని హక్కు. డిపో ఇంజెక్షన్ వేసిన సంగతి తర్వాతి వైద్యుడికి తెలియకపోతే టీకా వేళ తప్పుగా పడుతుంది. దీనికి తోడు టీకా సీసాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచకపోతే ఏ మందు జోక్యమూ లేకుండానే టీకా పాడవుతుంది. వేసవిలో సీసాను మందుల షాపు నుంచి ఐస్ లేకుండా తెచ్చుకోవడం మన దగ్గర తరచుగా కనిపించే పొరపాటు.

పెద్ద మోతాదులో నిరోధక శక్తిని అణచే మందులు నడుస్తుంటే సజీవ టీకాను వాయిదా వేయడం సబబు. చిన్నప్పుడు టీకాలన్నీ పూర్తయిన కుక్కకు ఆ కాలంలో యాంటీబాడీ పరీక్ష చేయించి నిశ్చింతగా ఉండవచ్చు. రేబిస్ టీకా సంగతి వేరు. అది చంపేసిన టీకా కాబట్టి వైరస్ తిరగబడుతుందన్న భయం లేదు. స్పందన తక్కువగా వచ్చినా మళ్లీ వేసి సరిదిద్దవచ్చు. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లనే వస్తోంది. కుక్కల ద్వారా వ్యాపించే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని భారత్ 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ లక్ష్యం చేరాలంటే ప్రతి ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకు టీకా పడాలి. దురద మాత్ర వాడుతోందనో యాంటీబయాటిక్ కోర్సు మిగిలిందనో రేబిస్ టీకాను నెలల తరబడి వాయిదా వేయడం, ఆ మందుల వల్ల టీకాకు జరిగే నష్టం కంటే చాలా పెద్ద నష్టం తెచ్చిపెడుతుంది.